సిప్రో రెండు బిళ్ళలు అడిగేవారి కోసం

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు కొత్తపేటలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఎండలు మొదలైతే చాలు, చీటీ లేకుండా వచ్చి "అమ్మా, మోషన్స్ అవుతున్నాయి, సిప్రో రెండు బిళ్ళలివ్వు" అనేవాళ్లు పెరుగుతారు. సిప్రో అంటే సిప్రోఫ్లాక్సాసిన్, బ్యాక్టీరియాను చంపే యాంటీబయాటిక్. స్ట్రిప్ మీద ఎర్రగీత చూపించి, డాక్టర్ రాస్తేనే ఇవ్వాలంటే కోప్పడి వెళ్లిపోతారు. మొన్న ఒకాయన జేబులోంచి సగం వాడిన స్ట్రిప్ తీసి, "పోయినసారి మిగిలినవి, పిల్లాడికి వేయొచ్చా?" అని అడిగారు. నాకు గుండె ఆగినంత పనైంది.

ఆ బిళ్ళ ఏం చేస్తుందో తెలిస్తే ఇంత తేలిగ్గా వాడరు. పేగుల్లోని ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా రెండుగా చీలాలంటే ముందు తన డీఎన్ఏకి నకలు తీసుకోవాలి. డీఎన్ఏలో వరుసగా ఉండే రసాయన అక్షరాలు సుమారు 46 లక్షల జతలు! హెలికేజ్ అనే ఎంజైమ్ రెండు పోగుల్ని విడదీస్తూ పోతుంటే, వెనకాలే పాలిమరేజ్ అనే మరో ఎంజైమ్ సెకనుకు దాదాపు 1000 అక్షరాల చొప్పున కొత్త పోగు పేరుస్తుంది. ఒకచోట మొదలై రెండువైపులా సాగే ఈ పని 40 నిమిషాల్లో అయిపోతుంది.

పురిపెట్టిన తాడును ఒక కొస నుంచి విడదీస్తే ముందు భాగం ఇంకా మెలిపడుతుంది కదా, డీఎన్ఏకీ అదే చిక్కు. ఆ మెలిక తీసేది గైరేజ్ అనే ఎంజైమ్. రెండు పోగుల్నీ కత్తిరించి, ఆ సందులోంచి మరో ముక్కను దాటించి, మళ్లీ అతికిస్తుంది. సరిగ్గా గైరేజ్ కత్తిరించాక సిప్రోఫ్లాక్సాసిన్ దాన్ని పట్టేస్తుంది, అతకనివ్వదు. తెగిన డీఎన్ఏతో బ్యాక్టీరియా చచ్చిపోతుంది. మన కణాల్లో ఈ పని చేసే ఎంజైములు వేరు కాబట్టి ఈ మందు వాటి జోలికి పెద్దగా పోదు. ఎంత గొప్ప మందో చూడండి!

పాలిమరేజ్ తప్పు అక్షరం పెడితే తనే వెనక్కొచ్చి తీసేస్తుంది. అయినా వందల కోట్ల అక్షరాలకు ఒకటైనా మిగిలిపోతుంది. ఆ తప్పు గైరేజ్ జన్యువులో, మందు అంటుకునే చోట పడితే ఆ బ్యాక్టీరియాకు సిప్రో సరిగా పట్టదు. అవసరం లేకుండా మింగిన బిళ్ళ మిగతావాటిని చంపి, దానికి చోటిస్తుంది. విరేచనాలు వైరస్ వల్ల వస్తే అక్కడ గైరేజే ఉండదు, ఈ బిళ్ళకు పనే లేదు. ముందు ఓఆర్ఎస్ తాగించి డాక్టరుకు చూపించాలి.

ఎండలు ముదరకముందే మీ ఆరోగ్యం పేజీలో గైరేజ్ బొమ్మ వేసి ఈ సంగతి వివరంగా రాయించండి. కౌంటర్ దగ్గర నేను చెప్తే విననివాళ్లు పేపర్లో వస్తే చదువుతారు. ఆ పేజీ మా షాపు అద్దానికి అంటిస్తాను.

- ఒక ఫార్మసిస్టు, కొత్తపేట, గుంటూరు