మాట్లాడుతున్న కాల్‌కే ముందు చోటివ్వాలి

సంపాదకుల గారికి నమస్కారం.

ప్రయాణంలో కాల్ కట్ అయితే అందరం 'సిగ్నల్ లేదు' అనేసుకుంటాం. కానీ దారంతా కవరేజ్ బాగున్నా కాల్ తెగిపోవచ్చు, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మనం ఒక సెల్ (ఒక టవర్ కవర్ చేసే ప్రాంతం) దాటి పక్క సెల్‌లోకి వెళ్లేటప్పుడు కాల్‌ని కొత్త టవర్ అందుకోవాలి, దీన్నే హ్యాండోవర్ అంటారు. అందుకోవాలంటే అక్కడ ఛానెల్, అంటే ఒక కాల్ పట్టే చోటు, ఖాళీ ఉండాలి కదా! 2జీ లెక్క చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. జీఎస్‌ఎం అనే 2జీ పద్ధతిలో 200 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక్కో క్యారియర్‌ని, అంటే ఒక్కో రేడియో తరంగాల పట్టీని, 8 టైమ్ స్లాట్లుగా (వంతులవారీ సమయపు ముక్కలుగా) పంచుతారు. రెండు క్యారియర్లున్న సెల్‌లో నెట్‌వర్క్ సొంత పనులకు రెండు స్లాట్లు పోతే మాటలకు మిగిలే ఛానెళ్లు 14. ఆ 14 నిండి ఉండగా మరొకరు మాట్లాడుతూ ఆ సెల్‌లోకి వచ్చారనుకోండి, పాత టవర్ సిగ్నల్ అందినంతసేపు కాల్ నిలుస్తుంది, ఈలోగా కొత్త సెల్‌లో ఎవరైనా ఫోన్ పెట్టేస్తే సరి, లేకపోతే మాట మధ్యలోనే తెగుతుంది.

కొత్తగా కాల్ చేసేవాళ్లకి బిజీ టోన్ వస్తే చిరాకే, కాదనను. కానీ ఆంబులెన్స్‌కి దారి చెబుతున్నవాళ్ల కాల్ సగంలో పోతే ఎంత టెన్షనో ఆలోచించండి. అందుకే ఆ 14లో ఒకటో రెండో హ్యాండోవర్ల కోసమే ఆపి ఉంచాలి, వీటినే గార్డ్ ఛానెళ్లు అంటారు. ఇదేమీ కొత్త ఆలోచన కాదు, హాంగ్, రాపపోర్ట్ అనే పరిశోధకులు 1986లోనే లెక్కలు కట్టి చూపించారు. ఎక్కువ ఆపితే ఖాళీగా పడుంటాయి, తక్కువ ఆపితే కాల్స్ తెగుతాయి, కాబట్టి ఒకసారి అంకె పెట్టేసి వదిలేయకుండా పక్క సెల్స్‌లో ఆ గంటకి ఎంతమంది కదులుతూ మాట్లాడుతున్నారో చూసి మారుస్తుండాలి.

4జీలో ఈ గొడవ లేదనుకోవద్దు. అక్కడ రేడియో వనరుల్ని మిల్లీసెకనుకోసారి పంచుతారు, మాటలకు డేటాకంటే ముందు వరుస ఇవ్వొచ్చు, అయినా కిక్కిరిసిన సెల్ పక్క సెల్ నుంచి వచ్చే కాల్‌ని తీసుకోలేనని తిప్పి పంపగలదు.

కంపెనీలకు నా విన్నపం ఒక్కటే. తెగిన కాల్స్ అన్నీ కలిపి ఒకే శాతం చెప్పకండి. సిగ్నల్ అందక పోయినవెన్ని, పక్క సెల్‌లో చోటు లేక పోయినవెన్ని, విడివిడిగా, గంటలవారీగా బయటపెట్టండి.

— ఒక పాఠకుడు