2024 వార్షిక నివేదిక: కార్యదర్శి నుంచి సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి ముగ్గులు, ఉగాది, బొమ్మల కొలువు ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు గ్రూపులో ఉన్నాయి, మళ్లీ రాయను. ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సింది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ లైబ్రరీలో సర్వీస్ డాగ్‌ల మీద, అంటే వైకల్యం ఉన్నవారికి సాయపడేలా శిక్షణ పొందిన కుక్కల మీద, పెట్టిన అవగాహన సభ.

మన ప్రాంతంలో నడిచే బార్ట్ రైల్లో కుక్క ఎక్కిందని మనవాళ్లు గొడవపడటం, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు టెన్షన్ పడి బస్సు దిగిపోవడం మీరంతా ఎరిగినవే. చూపు లేని మన సభ్యులొకరు సాన్ రఫేల్‌లో శిక్షణ పొందిన తన ల్యాబ్రడార్‌తో వచ్చారు. పక్క బల్లమీద మిరపకాయ బజ్జీలు ఘుమఘుమలాడుతున్నా అది రెండు గంటలసేపు కుర్చీ కింద నుంచి కదల్లేదు. పిల్లలు నిమరబోతే, ఒంటికి హార్నెస్ (పట్టీ) వేసి ఉన్నంతసేపూ అది డ్యూటీలో ఉన్నట్టేనని, పలకరించవద్దని ఆయన నవ్వుతూ ఆపారు.

నియమాలను మన న్యాయవాది సభ్యురాలు వివరించారు. సిబ్బంది అడగగలిగినవి రెండే: వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమా, ఏ పనికి శిక్షణ పొందింది? కార్డు చూపమనకూడదు. తోటి ప్రయాణికులకు భయమనో, అలర్జీ అనో దింపేయడానికి వీల్లేదు. మనకు ఇబ్బందైతే మనమే సీటు మారాలి. కుక్క అదుపు తప్పినా యజమాని పట్టించుకోకపోతే మాత్రం దింపవచ్చు. మామూలు పెంపుడు కుక్కనైతే బార్ట్‌లో మూసిన బుట్టలో పెట్టి తేవాలి. తోడుగా ఉంటే మనసుకు ధైర్యమనే కారణంతో పెంచుకునేది సర్వీస్ డాగ్ కాదు. 2021 జనవరి నుంచి విమానాల్లోనూ దానికి ఆ హోదా లేదు.

ఆన్‌లైన్‌లో సర్వీస్ డాగ్ జాకెట్ కొని మామూలు కుక్కకు తొడిగేస్తే సరిపోతుందనుకునేవారు మన సంఘంలోనూ ఉన్నారట, పేర్లు రాయను. కాలిఫోర్నియాలో అలా అబద్ధం చెబితే ఆరు నెలల వరకు జైలు, వెయ్యి డాలర్ల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అసలైన కుక్కలను జనం అనుమానించేది వీళ్ల పుణ్యమే.

కుక్కను ఇండియాకు తీసుకెళ్లేవారికి ఒక మాట. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో ఇండియా ఉంది. 2024 ఆగస్టు 1 నుంచి దాన్ని తిరిగి అమెరికాకు తెచ్చే నిబంధనలు కఠినమయ్యాయి, సర్వీస్ డాగ్‌కూ మినహాయింపు లేదు. మైక్రోచిప్, ఇక్కడి టీకా ధ్రువపత్రం బయల్దేరే ముందే చూసుకోండి.

అవగాహన సభకు వస్తామని మాటిచ్చిన రవాణా అధికారి రాలేదు, ఫోనూ చేయలేదు. వాలంటీర్ల జాబితా బారెడుంది కానీ, కుర్చీలు సర్దిన చేతులు మాత్రం ఎప్పటివే. బజ్జీలు వేసిన అక్కయ్యలకు, హాలు ఇప్పించిన అధ్యక్షులు గారికి, మైకు తెచ్చిన తమ్ముళ్లకు, తెలుగు కరపత్రం రాసిన మాస్టారుగారికి కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు జతచేశారు. ఖర్చు చందాల్లోపే ఉంది. చందా బాకీ ఉన్నవారు దయచేసి కట్టేయండి.

కరపత్రాలు తలుపు దగ్గరున్నాయి, పెద్దవాళ్లకు చదివి వినిపించండి. కొత్త కార్యవర్గానికి నామినేషన్లు నేటి సభ ముగిసేలోగా నాకు అందించగలరు.

కార్యదర్శి