స్లాబు పోయకముందే పొగగొట్టానికి దారి వదలాలి

సంపాదకులకు,

అయ్యా,

రాయలసీమ పల్లెల్లో గ్యాస్ కనెక్షన్ లేని ఇల్లు ఇప్పుడు అరుదు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన దీపం పథకం, 2016 మే నెలలో కేంద్రం ప్రారంభించిన ఉజ్వల, 2024 నుంచి ఏడాదికి 3 సిలిండర్లు ఉచితంగా ఇస్తున్న దీపం-2 మన ఆడవాళ్ల కళ్లకూ ఊపిరితిత్తులకూ చేసిన మేలు తక్కువది కాదు. అయినా అనంతపురం చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా పెరట్లోనో, మెట్ల కిందనో, స్నానాల గదిని ఆనుకునో ఒక కట్టెల పొయ్యి కనిపిస్తూనే ఉంటుంది. నీళ్లు కాచుకోవాలన్నా, ఉలవలు ఉడకబెట్టాలన్నా, పదిమందికి సంగటి కెలకాలన్నా దాని దగ్గరికే పోతారు. కంది కట్టె, పత్తి కట్టె, కంపచెట్టు మొద్దులు చేనిగట్టున ఊరికే దొరుకుతున్నంత కాలం ఆ పొయ్యి ఆరదు. కాబట్టి గ్యాస్ వాడుకోండని చెప్పి ఊరుకోకుండా, ఆ పొయ్యిని ప్రమాదం లేకుండా ఎక్కడ, ఎలా కట్టుకోవాలో కూడా జనానికి చెప్పాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

పాత మట్టిమిద్దెలో పొయ్యికి నేరుగా పైన, కప్పులో గవాక్షి అనే రంధ్రం ఉండేది. పొగంతా పోయేదని చెప్పలేను గానీ, పోవడానికి దారంటూ ఒకటి ఉండేది. ఇప్పుడు కట్టే స్లాబు ఇంట్లో ఆ దారి లేదు. పొయ్యి మాత్రం మెట్ల కిందికో, వెనుక వసారాలోకో చేరింది. ఆ వసారాకు రేకులు దించి, పక్కలు మూసి, తలుపు కూడా పెడుతున్నారు. ఇంటి లోపలి పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. పొయ్యి ముందు కూర్చున్న అమ్మతోపాటు, ఆమె ఒడిలోని బిడ్డ కూడా ఆ పొగనే పీలుస్తుంది.

పొగగొట్టం పనిచేసే తీరు తెలిస్తే సగం తప్పులు జరగవు. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది, దాని వెనుకే పొయ్యి నోటి నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. గొట్టం ఎంత నిటారుగా, ఎంత ఎత్తుగా, ఎంత వెచ్చగా ఉంటే లాగుడు అంత బాగుంటుంది. ఇంటి పొయ్యికి 4 అంగుళాల గొట్టం చాలు. దాన్ని మధ్యలో సన్నం చేయకూడదు, మూలమట్టంగా వంచకూడదు. స్లాబు దాటిన తర్వాత కనీసం 3 అడుగులు పైకి లేవాలి. చుట్టూ 10 అడుగుల లోపల పిట్టగోడ గానీ నీళ్ల ట్యాంకు గానీ ఉంటే దానికన్నా మరో 2 అడుగులు ఎత్తుగా ఉండాలి. మన ప్రాంతంలో ఈ సంగతి మరీ ముఖ్యం. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా; ఆషాఢం గాలులు మొదలైతే పొట్టి గొట్టంలోంచి పొగ వెనక్కి తిరిగి ఇంట్లోకే వస్తుంది. గొట్టం మీద వాన పడకుండా టోపీ పెట్టాలి, కానీ పొగ పక్కలకు పోయేంత సందు వదలాలి. ఒంటి పొర ఇనుప గొట్టానికీ, కాలే స్వభావం ఉన్న దేనికైనా, అంటే వాసాలు, కప్పుకు వేసే బోదగడ్డి, టార్పాలిన్, కరెంటు వైర్లు వంటి వాటికీ, నడుమ అడుగున్నర తగ్గకుండా దూరం ఉండాలి.

ఈమధ్య మా బంధువుల కొత్త ఇంట్లో చూసింది ఇక్కడ చెప్పక తప్పదు. నీళ్ల పొయ్యికి పొగగొట్టంగా మేస్త్రీ మురుగునీళ్లకు వాడే పీవీసీ పైపు బిగించి పోయాడు. పొయ్యికి జానెడు పైన ఆ పైపు మెత్తబడి, ఒక పక్కకు వంగి, లోపలివైపు గోధుమ రంగుకు తిరిగి నొక్కుకుపోయింది. దగ్గరికి వెళితే కట్టె పొగ కన్నా ఘాటైన మరో వాసన గొంతును పట్టుకుంటోంది. పీవీసీ 80 డిగ్రీల వేడికే మెత్తబడుతుంది. పొయ్యి పొగ అంతకన్నా చాలా వేడి. ఆస్బెస్టాస్ సిమెంటు పైపు పొయ్యి దగ్గర పగులుతుంది, దాన్ని కోస్తే లేచే ధూళి ఊపిరితిత్తులకు హాని. పొయ్యిని ఆనుకున్న భాగానికి మందపాటి నల్ల ఇనుప గొట్టం గానీ, కాల్చిన మట్టి గొట్టం గానీ వాడటమే క్షేమం. అలాగే పొయ్యిగడ్డకు నేరుగా నాపరాయి పరచవద్దు. అది పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి; నిప్పు తగిలి కాలిన బండ మీద చన్నీళ్లు పడితే పగిలి పెచ్చులు లేస్తుంది. బండ మీద ఒక వరుస ఇటుక పేర్చి, మట్టితో మెత్తి, ఆపైన పొయ్యి పెట్టుకోవాలి.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది కంటికి కనిపించనిది. గాలి చాలక కట్టె గానీ బొగ్గు గానీ సరిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మడకశిర వైపు మార్గశిర, పుష్య మాసాల చలికి కొందరు పొయ్యిలోని నిప్పులు కుంపటికి ఎత్తుకుని, బాలింత గదిలోనో ముసలివాళ్ల మంచం పక్కనో పెట్టి తలుపులు బిగిస్తారు. పొగ రావడం లేదు కదా అని ధైర్యం. పొగ లేని నిప్పుకణికల నుంచే ఆ వాయువు ఎక్కువగా వస్తుంది. తలనొప్పి, తల తిరగడం, వికారం, మగత ఒకేసారి ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వచ్చాయంటే అజీర్తి అనుకోకూడదు. వెంటనే అందరినీ ఆరుబయటికి తీసుకురావాలి, 108కి ఫోన్ చేయాలి. నిద్రపోయే గదిలోకి కుంపటిని ఏ పరిస్థితిలోనూ రానివ్వవద్దని ప్రతి ఇంటి పెద్దనూ వేడుకుంటున్నాను.

గ్యాస్ పొయ్యి, కట్టెల పొయ్యి ఒకే గదిలో ఉంచడం మరో పెద్ద ప్రమాదం. వంటగ్యాస్ గాలి కన్నా బరువైనది. లీకైతే పైకి పోదు, నేల మీద పాకుతూ పల్లానికి చేరుతుంది; కట్టెల పొయ్యి నిప్పు ఉండేదీ నేల మట్టంలోనే. ఈ రెండింటికీ మధ్య గోడ ఉండాలి.

కట్టె గురించి కూడా ఒక మాట. అప్పుడే కొట్టిన పచ్చి కట్టెలో దాదాపు సగం బరువు నీరే ఉంటుంది. ఆ నీరు ఆవిరి కావడానికే మంట బలమంతా ఖర్చవుతుంది, పొగ చల్లబడి గొట్టం లోపల జిగట మసిగా పేరుకుంటుంది. ఆ మసే ఒకనాడు అంటుకుని గొట్టం భగ్గుమంటుంది. చీల్చిన కట్టెను వాన తగలని చోట, గాలి ఆడేలా పేర్చి ఒక ఎండాకాలం దాటిస్తే తేమ 20 శాతం లోపుకు వస్తుంది. మంట అంటించడానికి కిరసనాయిలు, పెట్రోలు పోయడం, ప్లాస్టిక్ కవర్లు, రంగు వేసిన పాత తలుపు చెక్కలు వేయడం పూర్తిగా మానుకోవాలి. ఎండు కంది పుల్లలు, కొబ్బరి పీచు, ఊదుగొట్టం ఉంటే చాలు. పొయ్యి దగ్గర నైలాన్, పాలిస్టర్ చీరలు వద్దు. అవి కాలడమే కాదు, కరిగి ఒంటికి అతుక్కుంటాయి. ఒకవేళ కాలితే 20 నిమిషాలు చన్నీళ్ల ధార కింద పెట్టాలి గానీ పేస్టు పూయకూడదు. బూడిదలో నిప్పు మరునాటికి కూడా బతికే ఉంటుంది. దాన్ని మూత ఉన్న ఇనుప బకెట్లోకి ఎత్తి చల్లారనివ్వాలి. గాలి రోజుల్లో వేడి బూడిద దిబ్బలో పోస్తే, పక్కనున్న గడ్డివామి గతి రైతులందరికీ తెలిసిందే.

ఇవన్నీ కొత్త సంగతులు కావు. మనకు పొరుగునే ఉన్న బెంగళూరులో, భారతీయ విజ్ఞాన సంస్థవారు 1980లలో మూడు గిన్నెలు పట్టే అస్త్ర ఒలె అనే పొగగొట్టపు పొయ్యిని తయారు చేశారు. ఆ దశకంలోనే కేంద్రం చేపట్టిన మెరుగైన పొయ్యిల కార్యక్రమం 2002 వరకు నడిచింది. వాటిలో చాలా పొయ్యిలు ఎందుకు మూలపడ్డాయంటే, గొట్టంలో మసి దులపాలని కట్టించుకున్నవాళ్లకు చెప్పినవారు లేరు, పగిలిన గొట్టం మార్చినవారు లేరు. పొయ్యి చల్లారిన రోజు చూసి, తాడుకు బరువు కట్టి, దానికి గోనెపట్టా చుట్టి గొట్టంలో పైకీ కిందికీ లాగితే మసి రాలుతుంది. రోజూ వాడే పొయ్యికి నెలకోసారి ఈ పని చేయాలి.

ప్రభుత్వ సాయంతో కట్టే ప్రతి ఇంటి నమూనాలోనూ, స్లాబుకు కడ్డీ కట్టే దశలోనే, వెనుక వసారా మీద పొగగొట్టానికి గొట్టం కన్నా వెడల్పైన రంధ్రం చూపించాలని గృహనిర్మాణ శాఖ అధికారులను కోరుతున్నాను. తర్వాత పగలగొడితే కడ్డీలు తెగుతాయి, వాననీళ్లు కారతాయి; అందుకే ఎవరూ పగలగొట్టరు, పొగ లోపలే ఉండిపోతుంది. గ్రామ సచివాలయాల్లోని ఇంజినీరింగ్ సహాయకులు మేస్త్రీలను కూర్చోబెట్టి గొట్టం ఎత్తు, దూరాలు ఒక పూట చెబితే ఈ పని సాగుతుంది. చలికాలం ముదరకముందే మీ జిల్లా పేజీలో ఈ కొలతలను బొమ్మతో సహా ప్రచురించగలరని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
అనంతపురం.