బాబాయి ఏపు చేను

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరం పండక్కి ముందే అందింది. జవాబు ఇప్పుడా అని తిట్టుకుంటావు, తిట్టుకో. అందరం కులాసా. అమ్మ మోకాలు అలాగే ఉంది. జగ్గన్నతోట తీర్థానికెళ్లాను, దేవుళ్ల ప్రభలు కౌశిక ఏరు దాటుతుంటే నిన్ను తలుచుకుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను. అవన్నీ ఉండనీ. బాబాయి చేను కథ నీకు చెప్తేగాని నాకు అన్నం అరగదు.

మాది కాలవ శివారు కదా, దాళ్వా వరికి, అదే రెండో పంటకి, నీళ్లు అనుమానమన్నారు. బాబాయి వరి కోతకి ముందే, పదునుండగా మినుములు చల్లేశాడు. విత్తనం కిందటేడు తన చేలో పండిందే, డబ్బాలో దాచింది. నెల తిరిగేసరికి అక్కడక్కడ కొన్ని మొక్కలకి ఆకు ఇంతింత వెడల్పు! ఇంక చూడు. టీ కొట్లో, రేవులో, ఆఖరికి దినం భోజనాల్లో కూడా "ఏపంటే మా చేను చూడండి" అనడమే. వెళ్లి చూస్తే ఆకు పెద్దదే గాని గరుకుగా, ముడతలు పడి ఉంది. కణుపులు దగ్గర దగ్గరగా, మొక్క గిడసబారి... చెప్తే వింటాడా? మన పెదరాయుడు కదా!

తీరా మిగతా చేను కాయ ముదిరి పండుతుంటే ఇవి పచ్చగానే నిలబడ్డాయి. పూత గుత్తులు గుత్తులు, మొగ్గ విచ్చుకోదు, కాయ లేదు. దాంతో బాబాయి పక్క చేను సత్తిబాబుగారి మీద పడ్డాడు, ఆయన కొట్టిన మందు గాలికి ఎగిరొచ్చిందని. గట్టు మీద ఇద్దరూ అనుకున్న మాటలు ఉత్తరంలో రాసేవి కావు.

చివరికి రైతు సేవా కేంద్రం అమ్మాయి వచ్చి, ఆకు తిప్పి చూసి, "ఆకు ముడత తెగులండి, వైరస్. మీ విత్తనంతోనే వచ్చింది" అంది.

"విత్తనానికి మందు పట్టించానమ్మా!"

"మందు పైన ఉంటుందండి, వైరస్ లోపలుంటుంది."

ఆయ్, బాబాయి నోరు అంతలా మూతపడ్డం నేనెప్పుడూ చూళ్లేదు. విత్తనంతో వచ్చిన ఆ నాలుగు మొక్కల్నుంచి పేనుబంకలాంటి పురుగులు పక్కవాటికి అంటిస్తాయట. కనబడగానే పీకి తగలెయ్యాలి. మనవాడు వాటికే దిష్టి తీశాడు! లేతగా ఉన్నప్పుడే పట్టిన మొక్క దాదాపు కాయదు. ఆలస్యంగా పట్టింది కాస్తో కూస్తో కాస్తుంది. అసలు ప్రమాదం దానితోనే, ఆ గింజలే మళ్లీ డబ్బాలోకి వెళ్తాయి.

ఇదంతా నీకెందుకంటే, జబల్‌పూర్‌లో పెరట్లో బఠాణీ వేశానని రాశావుగా. దానికీ విత్తనంతో వచ్చే మొజాయిక్ వైరస్ ఒకటుంది, 1966లో చెకోస్లొవేకియాలో మొదట వర్ణించారు. ఆకులు కిందికి ముడుచుకుంటాయి, చిగురు గుత్తిలా ఆగిపోతుంది, కాపు ఆలస్యం. గింజ చిన్నదై పైపొర చిట్లుతుంది, ఒక్కోసారి టెన్నిస్ బంతి మీదలా గీతలు పడతాయి. కానీ నున్నగా, నిక్షేపంలా కనిపించే గింజలో కూడా ఉండొచ్చు, ఎందుకంటే అది చేరేది గింజ లోపల మొలకెత్తే భాగంలోకే. పేనుబంక కొన్ని సెకన్లు గుచ్చితే చాలు అంటుకుంటుంది, మందు కొట్టి ఆపుదామంటే అంత వ్యవధేదీ? రకాన్ని బట్టి ఉంటుందిలే, కొన్నిట్లో గింజకి దిగనే దిగదు, కొన్నిట్లో బోలెడు. మీ ఓనరు ఆంటీ ఇచ్చిన గింజలు ఎక్కడివో ఓసారి అడుగు, సరేనా? నవ్వకుండా అడుగు.

ఇక్కడ పిన్ని మాత్రం ఎవర్నీ అడగలేదు. డబ్బాలో మందు పట్టించకుండా మిగిలిన మినుములన్నీ తిరగట్లో విసిరి సున్నుండలు చేసేసింది. తింటే మనకేం కాదు. బాబాయి అలిగి ఒక్కటీ ముట్టలేదు, సత్తిబాబుగారింటికి పంపితే ఆయన మటుకు...

అదిగో, కోత కూలీలొచ్చేశారు, కేకలేస్తున్నారు. మిగతాది ఇంకో ఉత్తరంలో.

నీ
రాంబాబు