అమ్మ గదిలో ఫోను మోగిందిరా!

ఒరేయ్ టకటకా,

నీ ఉత్తరం వచ్చి చాలా కాలమైంది. జవాబు రాయలేదని అలిగావట, మా చెల్లి చెప్పింది. క్షమించరా. ఇక్కడి సంగతులు గబగబా చెప్పేస్తాను. పెద్దది ఇంటర్ రెండో ఏడాదికి వచ్చింది, ఇంటిల్లిపాదికీ ఒకటే టెన్షన్. నాన్నకి మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. చెరువు గట్టు మీద రోడ్డు వేశారు. మీ ఇంటి వెనక మామిడిచెట్టు ఈసారి బాగా కాసింది, అద్దెకున్నవాళ్ళు ఒక బుట్ట మాకూ పంపారు. ఇక మిగతావి తర్వాత.

అసలు సంగతి ఏంటంటే, మా ఇంట్లో ఫోన్లన్నీ మళ్ళీ మోగుతున్నాయిరా! పాత నంబరే. నువ్వు నిద్రలో లేపి అడిగినా చెప్పే ఆ నంబరే.

మొదట్నుంచీ చెప్తాను. మా వీధిలో రాగి తీగ లైన్లు తీసేస్తున్నామని, ఫైబర్‌కి, అంటే గాజు తీగకి, మారితే నంబరు అలాగే ఉంచుతామని కబురొచ్చింది. నంబరు ఉంటుందనగానే నాన్న సరేనన్నారు. ఒక కుర్రాడు వచ్చి సన్నటి నల్ల తీగ లాగి, హాల్లో టీవీ పక్కన తెల్ల మోడెం బిగించాడు. దాని వెనక ఫోన్ బొమ్మ ఉన్న రంధ్రంలో హాల్లో ఫోను పిన్ను గుచ్చి, డయల్ టోన్ వినిపించి, 'అంతే సార్' అని సంతకం పెట్టించుకున్నాడు. మరి అమ్మ గదిలో ఫోను? పైన నా గదిలోది? నాన్న వరండా ఎర్ర ఫోను? అన్నీ మూగబోయాయి. అదేంటి బాబూ అంటే, 'ఇప్పుడు ఎవరు వాడుతున్నారు సార్, అమ్మగారికి ఒక టచ్ ఫోను కొనివ్వండి' అన్నాడు.

అక్కడ నాకు మండిందిరా. అమ్మకి గ్లకోమా, చూపు బొత్తిగా ఆనదు. నున్నటి అద్దం మీద అంకెలు ఎక్కడున్నాయో ఆవిడకేం తెలుస్తుంది? మంచం పక్కన ఉన్న ఆ బటన్ల ఫోన్లో 5 అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది చూడు, దాని మీద బొటనవేలు ఆనించి, అక్కణ్ణుంచి పైకీ కిందికీ లెక్కపెట్టుకుంటూ నొక్కుతుంది. చెల్లి నంబరు, డాక్టరుగారి నంబరు, మా అత్తయ్య నంబరు, అన్నీ ఆ వేలికే తెలుసు. ఆ ఫోను పోతే ఆవిడ ఎవరికైనా ఫోన్ చేయాలంటే మమ్మల్ని అడగాలి. అడగదు. నీకు తెలుసుగా ఆవిడ సంగతి. రెండ్రోజులు చూసి చూసి, 'పోనీలేరా, ఎవరికి చేస్తాను' అంది. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే వెళ్ళి గంట మావయ్యని తీసుకొచ్చాను. టెలిఫోన్ శాఖలో రిటైరై ఇన్నేళ్ళయినా ఆయన సైకిలుకి ఆ తోలు సంచీ అలాగే వేలాడుతోంది. నిన్ను అడిగాడు. పనసకాయ సంగతి కూడా ఎత్తాడు, నేను మాట మార్చేశాను, నువ్వు వచ్చినప్పుడు నువ్వే తేల్చుకో.

మావయ్య మోడెం చుట్టూ ఒకసారి తిరిగి, 'ఒరేయ్, ఫోనుకి తన వెనకాల ఉన్నది రాగో గాజో తెలీదు. దానికి కావలసింది టోను, గంట, మాట. ఇదివరకు అవి ఎక్స్ఛేంజీ పంపేది, ఇప్పుడు ఈ పెట్టె పుట్టిస్తోంది. ఇంట్లో వైరింగు మనదే కదా, దానికిద్దాం' అన్నాడు. ఎంత సులువుగా చెప్పాడో చూడు! ఆ కుర్రాడికి ఈ ఒక్క ముక్క తెలిసుంటే సరిపోయేది.

వరండాలో స్తంభానికి ఆ రోసెట్ పెట్టె ఉంది కదా, వీధిలోంచి వచ్చే తీగ ఇంట్లోకి చీలే చోటు. దాని మూత తీశాం. లోపల బల్లిగుడ్ల పెంకులు, స్క్రూల మీద ఆకుపచ్చ చిలుము. ముందు బయటి తీగ రెండు కొసలూ విప్పి, విడివిడిగా టేపు చుట్టాడు. 'ఇది ముఖ్యం. బయటి లైన్లో ఎక్కడో 48 వోల్టులు మిగిలుంటే ఈ పెట్టె పోతుంది. రెండు వైపుల నుంచీ కరెంటు ఎదురెదురు పెట్టకూడదు' అన్నాడు. తర్వాత చిలుము గీకి, మోడెం ఫోన్ రంధ్రం నుంచి ఒక తీగ తెచ్చి హాల్లో గోడ సాకెట్‌కి కలిపాడు. అంతే, ఇంట్లో వైరింగంతా తిరగబడి పనిచేయడం మొదలుపెట్టింది. నేను పరుగున అమ్మ గదికి వెళ్ళి రిసీవరు ఎత్తాను. టోను! పైకి పరిగెత్తాను, అక్కడా టోను!

ఇది నీకోసం కూడా రాస్తున్నానురా. నువ్వూ అక్కడ అమెరికాలో ఆ ఇంటర్నెట్ ఫోను డబ్బా ఒకటి పెట్టుకుని, గోడల్లో సాకెట్లన్నిటికీ కలపాలంటున్నావు కదా. ముందు మీ ఇంటి బయటున్న బూడిదరంగు పెట్టె తెరిచి పాత కంపెనీ లైను విడదీయి. ఆ తర్వాతే కలుపు.

సరే, టోను వచ్చింది కదా అని చెల్లిని రింగివ్వమన్నాను. ఏమైంది? హాల్లో ఫోను 'కీచ్' మని ఊరుకుంది. అమ్మదీ పైదీ అస్సలు మోగలేదు. ఎర్ర ఫోను లోపల చిన్న సుత్తి గంటకి తగిలీ తగలనట్టు వణికింది. నా మొహం పాలిపోయింది. మావయ్య మాత్రం కుర్చీలో కూర్చుని టీ తాగుతూ వివరించాడు. మామూలుగా లైన్లో ఉండేది డీసీ. గంట మోగాల్సినప్పుడు ఎక్స్ఛేంజీ 75 వోల్టుల దాకా ఏసీ పంపేది. నిజమైన లోహపు గంట ఉన్న పాత ఫోను దాన్ని బాగా లాగుతుంది, ఎలక్ట్రానిక్ ఫోను కొంచెమే లాగుతుంది. ఎక్స్ఛేంజీకి అదొక లెక్క కాదు, ఈ చిన్న పెట్టెకి మాత్రం శక్తి పరిమితం. నీ దేశంలో ఫోను అడుగున ఆర్‌ఈఎన్ అని ఒక అంకె వేస్తారట, అన్నీ కూడితే డబ్బా మోయగలిగిన దానికి మించకూడదట. చూసుకో.

ఒక్కొక్కటే పీకుతూ వచ్చాం. ఎర్ర ఫోను తీయగానే మిగతావి గణగణా మోగాయి. పైన నా గదిలోది తీసేసి అక్కడికి కార్డ్‌లెస్ తెచ్చాను. దాని బేస్ హాల్లో, హ్యాండ్‌సెట్ పైన. ఆ వెసులుబాటుతో ఎర్ర ఫోను మళ్ళీ పెట్టగలిగాం. ఈసారి మోగింది! పాత గంట చప్పుడు వినగానే నాన్న వరండాలోంచి 'ఎవరూ?' అని అరిచారు. అమ్మ తన గదిలోంచి 'నేనెత్తాను ఉండండి' అంది. ఆ కేకలు విని ఎన్నాళ్ళయిందో.

ఇక ఎర్ర ఫోను గురించి నీకు ప్రత్యేకంగా చెప్పాలి. మాట బాగుంది, గంట బాగుంది, కానీ డయల్ తిప్పితే ఏమీ జరగడం లేదు. 5 తిప్పినా, 0 తిప్పినా టోను అలాగే మోగుతూ ఉంటుంది. ఎందుకో నీకంటే బాగా ఎవరికి తెలుస్తుందిరా! నాన్న డయల్‌కి బుల్లి తాళం వేసి ఆఫీసుకి వెళ్తే, నువ్వు రిసీవరు పెట్టే మీటని టకటకా కొట్టి నంబరు కలిపేవాడివి కదా. 4 కి నాలుగు, 0 కి పది. డయల్ చేసే పనీ అదే, సెకనుకి పదిసార్లు చొప్పున లైను తెంపి కలపడం. బటన్ల ఫోను అలా కాదు, ఒక్కో బటన్‌కి రెండేసి స్వరాలు కలిపి పంపుతుంది. మా మోడెం ఆ స్వరాలనే గుర్తుపడుతుంది, తెంపులు లెక్కపెట్టదు. కొన్ని పెట్టెలు లెక్కపెడతాయట, మధ్యలో పెట్టుకునే మార్పిడి సాధనాలూ దొరుకుతాయట. నాన్న అక్కర్లేదన్నారు. 'నాకు వచ్చేవి చాలు, చేసేవి మీ అమ్మ చేస్తుంది' అన్నారు. నువ్వు ఇప్పుడొచ్చి ఎంత టకటకలాడించినా బిల్లు రాదన్నమాట.

ఆ రోజు సాయంత్రం పండగలా ఉంది ఇంట్లో. అమ్మ డాక్టరుగారి నుంచి మా అత్తయ్య దాకా అందరికీ ఫోన్లు చేసింది. ల్యాండ్‌లైన్ నుంచి సెల్లుకి చేయాలంటే ముందు సున్నా కొట్టాలి కదా, 2021 జనవరి నుంచి ఆ నిబంధన ఉంది, ఆవిడ వేలికి అది కూడా ఎప్పుడో అలవాటైపోయింది.

రాత్రి గాలివాన వచ్చింది. కరెంటు పోయింది. కోనసీమలో ఇది వార్తే కాదు. ఫ్యాన్లూ లైట్లూ ఇన్వర్టరు మీద నడుస్తున్నాయి. టీవీ దగ్గరి ప్లగ్గు మాత్రం ఇన్వర్టరు లైన్లో లేదు. మోడెం ఆగింది, దాంతో ఇంట్లో ఫోన్లన్నీ ఆగాయి. చీకట్లో అమ్మ రిసీవరు చెవి దగ్గర పెట్టుకుని, 'పాత ఫోను కరెంటు పోయినా పలికేది కదరా' అంది. నిజమే కదా! ఎక్స్ఛేంజీలో బ్యాటరీల వరసలు ఉండేవి, ఆ 48 వోల్టులు తీగలోనే ఇంటిదాకా వచ్చేవి. గాజు తీగలో వెలుగు వస్తుంది, కరెంటు రాదు. ఇంతకాలం మనం బిల్లు కట్టింది ఆ ధీమాకి కూడా అని నాకు ఆ రాత్రే తట్టింది. రాత్రిపూట నాన్నకి ఆయాసం వచ్చి, అదే సమయానికి... వద్దులే.

మర్నాడు అమలాపురం బజారుకి వెళ్ళి రౌటర్లకి పెట్టే చిన్న యూపీఎస్ తెచ్చాను, అరచేతిలో పట్టేంత. మోడెం అడాప్టరు మీద 12 వోల్టులు అని ఉంది, దీని మీదా అదే ఉందో లేదో చూసి, ఆంపియర్లు తగ్గకుండా చూసి కొన్నాను. ఇన్వర్టరు లైన్లో పెడితే చాలదా అంటావేమో. అది మారే క్షణంలో మోడెం ఒక్కోసారి ఆగి మళ్ళీ మొదలవుతుంది, ఫోను తిరిగి తయారయ్యేసరికి కొన్ని నిమిషాలు పడుతుంది. యూపీఎస్‌తో ఆ తెంపు లేదు. ఇంకోటి, కార్డ్‌లెస్ బేస్‌కి కూడా కరెంటు కావాలి. అందుకే తీగ ఉన్న ఫోను ఒక్కటైనా ఉంచుకోవాలి. అమ్మదే అది. మెయిన్ ఆపేసి, హాలంతా చీకటి చేసి, నా సెల్లు నుంచి రింగిచ్చాను. మోగింది. అమ్మ ఎత్తి 'హలో, ఎవరండీ' అంది. నేను ఏం చెప్పాలో తెలీక 'అమ్మా, నేనే' అన్నాను. పక్క గదిలోంచే.

ఒరేయ్, ఒక మాట. అప్పట్లో మీ ఇంటికి మాదే కదా పీపీ నంబరు. నువ్వు హైదరాబాదు నుంచి రాత్రి పావు రేటు మొదలయ్యాక ఎస్‌టీడీ బూతులోంచి చేసేవాడివి. నేను గోడ దగ్గరికెళ్ళి కేకేస్తే, మీ అమ్మ, అదే అత్తయ్య, చేతులు తుడుచుకుంటూ వచ్చేది. నీకు ఉద్యోగం వచ్చిందని ఆవిడ విన్నది ఆ ఎర్ర ఫోన్లోనే. రిసీవరు పెట్టేశాక కూడా దాని మీద చెయ్యి తీయలేదు. మావయ్య రోసెట్ బిగిస్తున్నంతసేపూ నాకు అత్తయ్యే గుర్తొచ్చింది. నీకు ఇది చెప్పాలో వద్దో అనుకుంటూనే...

సరే, నీ ఇంటి సంగతి. నీ మాట అవతలికి వెళ్తోంది, అవతలి మాట నీకు రావడం లేదన్నావు. నీ దగ్గర కంపెనీ రౌటరొకటి, నువ్వు కొన్నదొకటి, రెండూ వరసగా ఉన్నాయి కదా. కాల్ కలిపే సందేశాలు ఒక దారిన, గొంతు ఇంకో దారిన వెళ్తాయి. గొంతు ఎక్కడికి రావాలో చెప్పే చిరునామా మధ్యలో చెడిపోతే ఇలాగే ఒకవైపే వినిపిస్తుంది. రౌటర్లో సిప్ ఏఎల్‌జీ అని ఒక సెట్టింగు ఉంటుంది, సాయం చేయడానికే పెట్టినా చాలాచోట్ల అదే చెడగొడుతుంది. దాన్ని ఆపి చూడు. రెండో రౌటర్‌ని బ్రిడ్జ్ చేయి, అంటే చిరునామాలు మార్చకుండా ఊరికే దాటించేలా పెట్టు. గొంతు గరగరలాడితే గొంతుని పెద్దగా కుదించకుండా పంపే జీ.711 కోడెక్ పెట్టు, గొంతుకే సెకనుకి 64 కిలోబిట్లు తీసుకుంటుంది, నీ ఇంటర్నెట్‌కి అదేం లెక్క కాదు. దొంగల అలారం కలపాలన్నావే, దానికీ ఇదే నయం. గొంతుని కుదించి పంపితే అలారం స్వరాలు అవతల అర్థం కావు. అలారం పెట్టె లైన్లో అన్ని ఫోన్లకంటే ముందుండాలి, ఎవరైనా రిసీవరు ఎత్తి పక్కన పడేసినా అది లైను లాక్కోగలగాలి. కలిపాక అలారం కంపెనీకి ముందే చెప్పి, ఒకసారి మోగించి, అటు చేరిందో లేదో కనుక్కో.

అన్నిటికంటే ముఖ్యం, నువ్వు ఇల్లు మారావు కదా, ఫోను కంపెనీ దగ్గర చిరునామా మార్చావా? ఇంటర్నెట్ ఫోన్లకి అత్యవసర సాయం కోసం చేసే 911 సౌకర్యం ఉండాలని అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2005లోనే ఆదేశించింది, కానీ నువ్వు నమోదు చేసిన చిరునామా పాతదైతే సాయానికి వచ్చేవాళ్ళు పాత ఇంటికే వెళ్తారు. పిల్లలున్న ఇల్లురా. ఈ ఉత్తరం చదవడం ఆపి అది చేయి ముందు.

మోడెం మీద సిగ్నలు తెగిందని చెప్పే లాస్ లైటు ఎర్రగా వెలిగితే ఏం చేయాలో అమ్మకి చెప్పాను, ఆవిడకి లైటు కనపడదు కదా అని మళ్ళీ... దానికేదో ఆలోచించాలి. మావయ్య ఒక బజరు పెడదామంటున్నాడు, చిన్న సర్క్యూట్ అట, నాకు ఇంకా పూర్తిగా

మా ఆవిడ పిలుస్తోంది, పిల్ల ట్యూషన్ నుంచి వచ్చే బస్సు దగ్గరికి వెళ్ళాలి. ఆదివారం పాత నంబరుకి చేయి, సెల్లుకి వద్దు. త్వరగా పెట్టేయకు, నాన్న లేచి వచ్చేసరికి టైం పడుతుంది.

నీ,
గోడ మీద కేకల రాయుడు