లోడు బండికి పెట్రోలు ఇంజినా? ముందు కాటా చీటీ చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

విశాఖలో ఈమధ్య చిన్న లోడు బండి కొనే వాళ్లందరినీ ఒకటే సందేహం పీడిస్తోంది. పెట్రోలు తీసుకోవాలా, డీజిల్ తీసుకోవాలా అని. పెట్రోలు బండి ధర తక్కువ, వాయిదా తేలిక అని ఒకరంటే, పెట్రోలు బండి లోడు లాగదు, ఎత్తు మీద చతికిలబడుతుంది అని ఇంకొకరు భయపెడతారు. షోరూములో అడిగేది మైలేజీ, వాయిదా, ముందు కట్టాల్సిన సొమ్ము. ఇంజిను గురించి ఒక్క ప్రశ్నా ఉండదు. ఏడాది తిరక్కుండానే ఆ బండి హెడ్ గాస్కెట్ (ఇంజిను హెడ్‌కి, బ్లాకుకి మధ్య ఉండే సీలు) పోయి, క్లచ్ ప్లేటు కాలిపోయి షెడ్డుకొస్తుంది. అప్పుడు తిట్లు పెట్రోలుకి పడతాయి. తప్పు పెట్రోలుది కాదు, ఎంపికది.

పెట్రోలు ఇంజిను బరువు లాగలేదన్న మాట నిజమే అయితే అమెరికాలో భారీ పికప్‌లకు పెట్రోలు ఇంజిన్లు ఎందుకు పెడుతున్నారు? ఫోర్డ్ కంపెనీ ఇంజిను 7.3 లీటర్లు, జీఎంది 6.6 లీటర్లు, ర్యామ్‌ది 6.4 లీటర్లు. మూడూ ఎనిమిది సిలిండర్ల ఇంజిన్లే, మూడింటికీ ఇనుప బ్లాకే, ఒక్కదానికీ టర్బో (ఇంజినులోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) లేదు. ఫోర్డ్ ఇంజిను టార్కు, అంటే తిప్పే బలం, దాదాపు 650 న్యూటన్ మీటర్లు, జీఎంది 629. ఈ టార్కు 4000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిను తిరిగే రౌండ్లు) దగ్గర వస్తుంది. అదే ఫోర్డ్ 6.7 లీటర్ల డీజిల్ ఇంజిను అందులో సగం రౌండ్లు కూడా తిరక్కుండానే 1400 న్యూటన్ మీటర్లకు పైగా ఇస్తుంది. ఆ డీజిల్ కావాలంటే దాదాపు పది వేల డాలర్లు అదనంగా పెట్టాలి. అందుకని రోజూ తక్కువ దూరం తిరిగేవాళ్లు, ఎప్పుడో ఒకసారి మాత్రమే పెద్ద ట్రెయిలర్ తగిలించేవాళ్లు అక్కడ పెట్రోలు తీసుకుంటారు. తీసుకునేటప్పుడు బ్యాక్ ఆక్సిల్ నిష్పత్తి 3.73 కావాలా, 4.30 కావాలా అని కూడా అడుగుతారు. 4.30 అయితే చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు ఇంజిను ఎక్కువ చుట్లు తిరుగుతుంది. మైలేజీ కాస్త తగ్గినా లాగుడు పెరుగుతుంది. మన దగ్గర ఈ ప్రశ్న అడిగినవాళ్లు ఎంతమంది?

ఈ అమెరికా పికప్‌ల వీడియోలు చూసి కొందరు కుర్రాళ్లు తమ డీజిల్ పికప్‌లో పెట్రోలు ఇంజిను పెట్టించవచ్చా అని అడుగుతున్నారు. వద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా అలా మార్చడం నేరం. ఆర్‌సీకి, ఇంజినుకి పొంతన లేని బండికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది.

ఇక మన బండ్ల సంగతి. టాటా ఏస్ పెట్రోలుది 694 సీసీ, రెండు సిలిండర్లు, 4000 ఆర్‌పీఎం దగ్గర 30 హార్స్‌పవర్, 2500 దగ్గర 55 న్యూటన్ మీటర్లు. మారుతి సూపర్ క్యారీది 1200 సీసీ, నాలుగు సిలిండర్లు, 6000 దగ్గర 80 హార్స్‌పవర్, 2900 దగ్గర 104 న్యూటన్ మీటర్లు. రెండింటికీ కంపెనీ చెప్పే లోడు మాత్రం ఇంచుమించు ఒకటే, 740 నుంచి 750 కిలోలు. లోడు ఒకటే అయినప్పుడు చిన్న ఇంజిను చాలదా అని అడుగుతారు. జవాబు మీరు తిరిగే రోడ్డును బట్టి ఉంటుంది. కాగితం, కలం ఉంటే ఎవరైనా లెక్క వేసుకోవచ్చు.

బండి, లోడు, డ్రైవరు కలిపి 1600 కిలోలు అనుకుందాం. వంద మీటర్లు ముందుకు పోతే ఎనిమిది మీటర్లు పైకి లేచే ఎత్తు. ఆ ఎత్తు మీద గంటకు 30 కిలోమీటర్లతో పోవాలంటే చక్రాల దగ్గర దాదాపు 17 హార్స్‌పవర్ కావాలి. గేర్‌బాక్సు, ఆక్సిల్ తినేది కూడా కలుపుకుంటే ఇంజిను దగ్గర 19, 20 దాకా కావాలి. 694 సీసీ ఇంజిను 2500 ఆర్‌పీఎం మీద ఇచ్చేది సరిగ్గా 19.6. అంటే కంపెనీ చెప్పిన లోడు వేస్తే ఇది సరిపోతుంది, కానీ చేతిలో ఏమీ మిగలదు. అదే బండి మీద ఇంకో 500 కిలోలు ఎక్కించారనుకోండి, అవే రౌండ్లలో వేగం 23 కిలోమీటర్లకు పడిపోతుంది. 30 దగ్గరే పోవాలంటే ఇంజినుని 3500 దాకా అరిపించాలి. 1200 సీసీ ఇంజిను 2900 మీద 43 హార్స్‌పవర్ ఇస్తుంది. అదే ఎత్తు మీద సగానికి పైగా శక్తి దాని చేతిలోనే ఉంటుంది.

కాబట్టి పూర్ణా మార్కెట్ నుంచి రైతుబజార్లకు, కంచరపాలెం నుంచి ఎన్ఏడీ మీదుగా గాజువాకకు తిరిగే బండికి చిన్న ఇంజిను చక్కగా చాలు. 2005లో వచ్చిన మొదటి ఏస్ డీజిల్‌ది 16 హార్స్‌పవరే. దానితోనే ఎంతోమంది ఇళ్లు కట్టుకున్నారు. కానీ శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు పోయేవాళ్లు, పాడేరు కాఫీ, మిరియాల కిరాయిలు చేసేవాళ్లు పెట్రోలే కావాలనుకుంటే 1200 సీసీకి తగ్గవద్దు. టన్ను దాటిన లోడుతో వారానికి మూడు నాలుగు సార్లు ఘాట్ ఎక్కేవాళ్లకైతే మా సలహా డీజిలే. 1500 సీసీ టర్బో డీజిల్ పికప్‌లు సుమారు 200 న్యూటన్ మీటర్లు తక్కువ రౌండ్లలోనే ఇస్తాయి. ఆ పని చిన్న పెట్రోలు ఇంజినుతో చేయించడం దూడకు కాడి కట్టడమే.

అలాగని ఊళ్లో తిరిగేవాళ్లు డీజిల్ కొంటే తిప్పలు వేరే రకం. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ బండ్ల సైలెన్సర్‌లో మసి పట్టే ఫిల్టరు ఉంటోంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా, వేడెక్కి పరుగెత్తాలి. హార్బరు నుంచి జగదాంబ, అక్కణ్నుంచి మళ్లీ హార్బరు, మధ్యలో పది సిగ్నళ్లు. ఇలా తిరిగితే అది కాలదు. ఫిల్టరు మూసుకుపోయి, డాష్‌బోర్డులో దీపం వెలిగి, బండి లాగుడు పడిపోతుంది. రోజుకు 50, 60 కిలోమీటర్ల లోపు, ఆగుతూ సాగుతూ తిరిగే పనికి పెట్రోలే మేలని చెప్పడానికి ఇదొక్కటే చాలు. 120 దాటితే డీజిల్ తన అదనపు ధరను తానే సంపాదించుకుంటుంది. ఆ రెంటికీ మధ్య తిరిగేవాళ్లు ధరలో తేడాను నెలనెలా ఇంధనం మీద మిగిలేదానితో భాగించి చూసుకోవాలి. మూడేళ్లలోపు రాకపోతే డీజిల్ దండగ.

సీఎన్‌జీ అయితే కిలోమీటరు ఖర్చు తక్కువే. కానీ సిలిండరు బరువంతా లోడులోంచే పోతుంది. సూపర్ క్యారీ పెట్రోలు 740 కిలోలు మోస్తే సీఎన్‌జీ 625 కిలోలే మోస్తుంది. టార్కు కూడా 95కి దిగుతుంది. అందులో పెట్రోలు ట్యాంకు 5 లీటర్లే కాబట్టి ఘాట్ కిరాయికి పనికిరాదు. నగరంలో పాలు, బ్రెడ్డు, కొరియర్ వేసే బండికి బాగుంటుంది. మూడేళ్లకోసారి సిలిండరు పరీక్ష చేయించడం మరవకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది కాటా. 750 కిలోలంటే ఎంతో చాలామందికి అందాజు లేదు. సిమెంటు బస్తాలు పదిహేను. పాతిక కిలోల బియ్యం బస్తాలు ముప్ఫై. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు ముప్ఫై ఆరు, అంతే. తొట్టి నిండా నిలబెట్టి, పైన ఇంకో వరస పేర్చిన క్యాన్ల బండి టన్ను దాటిపోయినట్టే. చేపల లోడులో చేపకు సమానంగా ఐసు ఉంటుంది. కాగితం మీద రాసేది చేప బరువు, ఇంజిను మోసేది ఐసు, నీళ్లు, ప్లాస్టిక్ పెట్టెలు అన్నీ కలిపి. పైగా తొట్టికి ఇనుప జాలీ, పైకప్పు చేయిస్తే ఆ వంద కిలోలూ కంపెనీ చెప్పిన లోడులోంచే తీసేయాలి. అదనపు కమాన్ కట్ట వేయిస్తే తొట్టి కుంగడం ఆగుతుందే కాని, ఇంజిను, బ్రేకులు, ఆక్సిల్ బలపడవు. అధిక లోడుకు 194వ సెక్షన్ కింద జరిమానా 20 వేలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు. అదృష్టం బాగుండి జరిమానా తప్పినా ఇంజిను మాత్రం వదిలిపెట్టదు.

ఎలా పాడవుతుందో కూడా చెప్పాలి. బరువుతో ఎత్తు ఎక్కుతూ గేరు దించకుండా నాలుగో గేరులోనే యాక్సిలరేటర్ అదిమితే, డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు టకటక శబ్దం వస్తుంది. అదే నాకింగ్, అంటే సిలిండర్లో పెట్రోలు అదుపు తప్పి పేలడం. సెన్సరు దాన్ని పసిగట్టి స్పార్కును కాస్త ఆలస్యం చేస్తుంది, శక్తి ఇంకా తగ్గుతుంది, డ్రైవరు ఇంకా అదుముతాడు. ఎగ్జాస్టు ఎర్రగా కాలి క్యాటలిటిక్ కన్వర్టరు (పొగను శుభ్రం చేసే డబ్బా) లోపలి తేనెపట్టులాంటి జల్లెడ కరుగుతుంది. నీళ్లు మరుగుతాయి, అల్యూమినియం హెడ్ వంగుతుంది, గాస్కెట్ పోతుంది. సైలెన్సర్ నుంచి తెల్లపొగ, ఆయిల్ మూత కింద మజ్జిగలాంటి తెల్లటి జిడ్డు కనబడ్డాయంటే నీళ్లు సిలిండర్లోకి, ఆయిల్లోకి చేరుతున్నట్టే. ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు.

స్పార్క్ ప్లగ్ చదవడం ప్రతి యజమానీ నేర్చుకోవాలి. విప్పి వెలుతురులో పట్టుకుంటే పింగాణీ కొన లేత గోధుమరంగులో ఉండాలి. నల్లటి పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, లేదా ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయింది. సున్నంలా తెల్లబడి బుడిపెలు లేస్తే వేడి ఎక్కువైంది. తెల్ల పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నని మెరిసే చుక్కలుంటే అవి పిస్టన్ నుంచి ఊడివచ్చిన అల్యూమినియం. ఆ బండి చాలాకాలంగా నాకింగ్‌తో నడుస్తోందని అర్థం. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు రంగు, టైర్లు చూసే ముందు ప్లగ్గులు విప్పించి చూడాలి.

తర్వాత రేడియేటర్. ఫిషింగ్ హార్బర్ బండ్ల రేడియేటర్ రెక్కలను వేలితో నొక్కితే బూడిదలా రాలిపోతుంటాయి. ఉప్పు గాలి, తొట్టిలోంచి కారే ఉప్పునీళ్లు చేసే పని అది. వారానికోసారి మంచినీళ్లతో, ఒత్తిడి తక్కువగా, వెనకవైపు నుంచి ముందుకు కడగాలి. లోపల బోరు నీళ్లు పోయకూడదు, సున్నం పట్టి దారులు మూసుకుపోతాయి. కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయాలి. మూత రబ్బరు గట్టిపడితే మూత మార్చాలి. ఒత్తిడి నిలవకపోతే నీళ్లు త్వరగా మరుగుతాయి.

ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. దాని శక్తి మామూలు పెట్రోలు కన్నా ఆరేడు శాతం తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది, కంగారుపడనక్కర్లేదు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. సముద్రపు తేమలో ట్యాంకు పావు వంతుతో రోజుల తరబడి బండి నిలబెడితే నీళ్లు అడుగున చేరవచ్చు. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన బండికి పెట్రోలు పైపులు, రబ్బరు సీళ్లు ఏటా చూపించుకోవాలి. రిజర్వులో నడిపే అలవాటు మరీ చెడ్డది. ట్యాంకులోని పంపును చల్లబరిచేది ఆ పెట్రోలే.

ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు ఇంజినుకి ఒక మంచి గుణముంది. యాక్సిలరేటర్ వదిలితే గాలి దారి మూసుకుపోయి ఇంజినే బండిని పట్టి ఆపుతుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగితే బ్రేకులు చల్లగా ఉంటాయి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించడం ప్రాణాలతో చెలగాటం. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంజెక్టర్లు పెట్రోలే పోయవు, మిగిలేది ఏమీ లేదు.

షోరూముల వారికి మా విన్నపం ఒక్కటే. ధరల పట్టీలో ధర, వాయిదాలతోపాటు టార్కు ఎంత, ఏ ఆర్‌పీఎం మీద, ఆక్సిల్ నిష్పత్తి ఎంత, ఎంత ఎత్తు ఎక్కగలదు, తొట్టి బరువు తీసేయగా మిగిలే లోడు ఎంత, ఇవన్నీ తెలుగులో రాయండి. టెస్ట్ డ్రైవ్ ఖాళీ బండితో బీచ్ రోడ్డు మీద కాదు, పదిహేను ఇసుక బస్తాలు వేసి కైలాసగిరి ఎత్తు మీద ఇవ్వండి. కొనేవాళ్లు కూడా అలా ఇస్తేనే బయానా ఇవ్వండి. ఎత్తు మధ్యలో బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, మొదటి గేరులో మళ్లీ కదిలించి చూడండి. క్లచ్ వాసన రాకుండా, ఇంజిను వణకకుండా కదిలితే ఆ ఇంజిను మీ లోడుకి సరిపోతుంది.

ఇట్లు,
లోడు బండ్ల మెకానిక్కులు,
ఆటోనగర్, గాజువాక, విశాఖపట్నం