పికప్‌ల ఫిల్టర్లు కోసే షెడ్లను ముందు అడగాలి

సంపాదకులకు నమస్కారం.

ద్విచక్ర వాహనాలకు బిగించిన పెద్ద శబ్దపు సైలెన్సర్లను పోలీసులు ఊడదీయించి రోడ్డు రోలరుతో తొక్కించడం మన పత్రికల్లో తరచుగా చూస్తున్నాం. అది అవసరమైన పనే. అయితే గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్టు నుంచి ఆటోనగర్ గేటు దాకా, బెంజి సర్కిల్ నుంచి రామవరప్పాడు రింగు దాకా రాత్రింబవళ్లు తిరిగే డీజిల్ పికప్ వాహనాల్లో పొగను వడకట్టే ఫిల్టర్లను మెకానిక్కు షెడ్లలో తీసేయించే మార్పులు చప్పుడుతో బయటపడేవి కావు కాబట్టి, వాటి మీద ఎవరి దృష్టీ పడటం లేదు. విజయవాడలో సరకు రవాణాకు పికప్‌లు నడుపుకొనే యజమానిగా ఈ మార్పులు ఎందుకు జరుగుతున్నాయో, వాటికి ముందుగా ఎవరు జవాబు చెప్పాలో మీ పత్రిక ద్వారా విన్నవించదలచాను.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా వాహన కాలుష్యాన్ని పరిమితం చేసే బీఎస్‌–6 (భారత్ స్టేజ్–6) ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. డీజిల్‌లో గంధకాన్ని 50 పీపీఎం (పది లక్షల భాగాల్లో 50 భాగాలు) నుంచి 10 పీపీఎంకు తగ్గించారు. డీజిల్ కార్లు కిలోమీటరుకు విడుదల చేయదగిన నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి 250 మిల్లీగ్రాముల నుంచి 80కి, మసి రేణువుల పరిమితి 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కు దిగింది. సరకు పికప్‌లకు నైట్రోజన్ ఆక్సైడ్ల విషయంలో బరువు తరగతిని బట్టి కొంత సడలింపు ఉన్నా, మసి విషయంలో పరిమితి అంతే కఠినం. దీన్ని అందుకోవడానికే పొగ గొట్టం మార్గంలో డీపీఎఫ్ (డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్) అనే మసి ఫిల్టరును అమర్చారు. తేనెపట్టు గదుల్లా సన్నని గొట్టాలున్న పింగాణీ దిమ్మె అది. ఒక గొట్టంలోకి వెళ్లిన పొగ పక్క గొట్టపు గోడలోంచి వడకట్టుకొని బయటికి రావాలి, మసి లోపలే నిలిచిపోవాలి. అలా పేరుకొన్న మసిని కాల్చడానికి ఇంజిన్ కంప్యూటరు అప్పుడప్పుడు అదనంగా డీజిల్ చల్లి, ఫిల్టరు లోపలి వేడిని సుమారు 600 డిగ్రీల సెల్సియస్‌కు చేరుస్తుంది. ఈ పని ముగియాలంటే బండి కొంతసేపు ఆగకుండా ఒకే వేగంతో నడవాలి.

మన పికప్‌లకు కుదరనిది సరిగ్గా ఇదే. పది నిమిషాలు నడిచి, అరగంట ఆగి, దుకాణం ముందు సరకు దించి, మళ్లీ పది నిమిషాలు నడిచే బండిలో మసి కాలే పని మధ్యలోనే ఆగిపోతుంటుంది. డ్యాష్‌బోర్డు మీద వెలిగిన దీపం ఏం చెబుతోందో డ్రైవరుకు ఎవరూ నేర్పలేదు. కొన్నాళ్లకు కంప్యూటరు ఫిల్టరును, ఇంజిన్‌ను కాపాడటానికి ఇంజిన్ శక్తిని తగ్గించేస్తుంది, లోడుతో ఉన్న బండి ఫ్లైఓవరు ఎక్కలేక మొరాయిస్తుంది. ఫిల్టరు మార్చాలంటే అయ్యే ఖర్చు విని, నెలవారీ ఫైనాన్సు కిస్తీ నెత్తి మీదున్న యజమాని గుండె జారిపోతుంది. అప్పుడు ఒక షెడ్డువాడు దారి చూపిస్తాడు: ఫిల్టరు డబ్బా కోసి, లోపలి దిమ్మెను పగలగొట్టి తీసేసి, ఖాళీ డబ్బాను మళ్లీ వెల్డింగు చేసి, ల్యాప్‌టాప్ పెట్టి దీపం వెలగకుండా మ్యాపింగు (ఇంజిన్ కంప్యూటరులోని సెట్టింగులు) మార్చేస్తానంటాడు. పనిలో పనిగా, కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపి నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే ఈజీఆర్ వాల్వుకు రేకు అడ్డం పెట్టి, ఇంధనం మోతాదు పెంచి, 'బండి లాగుడూ పెరుగుతుంది, మైలేజీ కూడా వస్తుంది' అని హామీ ఇస్తాడు. బయటి నుంచి చూస్తే బండి కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటుంది.

ఈ హామీలో ఎంత నిజముందో యజమానులు ఆలోచించాలి. ఫిల్టరు పూడిపోవడం చాలాసార్లు మరో జబ్బుకు లక్షణం మాత్రమే. డీజిల్ చల్లే నాజిల్ కారుతున్నా, ఇంజిన్‌కు గాలిని ఒత్తిడితో అందించే టర్బో ఆయిలు వదులుతున్నా, బూడిద తక్కువగా మిగిల్చే ఇంజిన్ ఆయిలుకు బదులు చవకరకం పోసినా ఫిల్టరు త్వరగా నిండుతుంది. మసిని కాల్చవచ్చు గాని ఆయిలు మిగిల్చిన బూడిదను కాల్చలేం, దాన్ని విప్పి శుభ్రం చేయించాల్సిందే. ఫిల్టరు తీసేస్తే అసలు లోపం కనిపించకుండా పోతుంది, పోయేది అదొక్కటే కాదు. మ్యాపింగు మార్చి డీజిల్ ఎక్కువ పంపినప్పుడు అందుకు తగినంత గాలి అందకపోతే, కాలని ఇంధనం నల్లటి పొగై వెళుతుంది, పొగ వేడి పెరిగి టర్బో మీదా పిస్టన్ల మీదా భారం పడుతుంది. కంపెనీ లెక్కగట్టిన దానికంటే ఎక్కువ లాగుడు శక్తి క్లచ్చు మీద, గేర్‌బాక్సు మీద పడుతుంది. అసలే మిర్చి టిక్కీలను (బస్తాలను) పరిమితికి మించి ఎత్తే బండికి ఇది ఎంత ముప్పో గుంటూరు యార్డుకు తోలే డ్రైవర్లను అడిగితే చెబుతారు. వారంటీ కూడా పోతుంది, ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ పేచీ పెట్టడానికి ఆస్కారమూ దొరుకుతుంది.

ఇంత జరుగుతున్నా కాలుష్య ధ్రువపత్రం ఎలా వస్తోందని పాఠకులు అడగవచ్చు. డీజిల్ బండికి మన కేంద్రాల్లో చేసే పరీక్షలో గేరు వేయకుండా ఎక్సలేటరు తొక్కించి, పొగ ఎంత చిక్కగా ఉందో మాత్రమే కొలుస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లు అసలు కొలవరు, అందువల్ల ఈజీఆర్ మూసేసిన సంగతి ఆ పరీక్షకు తెలియదు. కంటికి కనిపించనంత సన్నని మసి రేణువులు కూడా ఆ యంత్రానికి సరిగ్గా చిక్కవు. ఊపిరితిత్తుల లోతుల్లోకి దిగేవి మాత్రం ఆ రేణువులే. డీజిల్ ఇంజిన్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చి చెప్పింది. విజయవాడ, గుంటూరు రెండూ జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద గాలి నాణ్యత మెరుగుపరచుకోవాల్సిన నగరాల జాబితాలో ఉన్నాయి. ఆ పొగను అందరికంటే ఎక్కువగా పీల్చేది రోజంతా బండి పక్కనే నిలబడే మా డ్రైవర్లు, ముఠా కూలీలే.

ఈ దారి ఎక్కడికి పోతుందో అమెరికా అనుభవం చూపిస్తోంది. అక్కడ పికప్ ట్రక్కులను సొంత వాడకానికి కొని, శక్తి కోసం, కావాలని నల్లపొగ చిమ్మించే సరదా కోసం ఫిల్టర్లు తీయించుకొనేవారు ఒక వర్గంగా తయారయ్యారు. ఆ దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ 2020 నవంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం, అంతకుముందు సుమారు పదేళ్లలో అయిదున్నర లక్షలకు పైగా డీజిల్ పికప్‌ల కాలుష్య నియంత్రణ పరికరాలను తొలగించారు. వాటి నుంచి అదనంగా వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్లు వాటి జీవితకాలంలో 5,70,000 టన్నులకు పైనేనని అంచనా వేశారు. అంటే నిబంధనల ప్రకారం నడిచే మరో 90 లక్షల పికప్‌లను రోడ్ల మీదికి వదిలినంత పని. అక్కడి అధికారులు ట్రక్కు యజమానుల వెంటపడేకంటే, ఆ తొలగింపుకు వాడే సామగ్రిని, సాఫ్ట్‌వేరును తయారుచేసి అమ్మినవారి మీద, బిగించిన షాపుల మీద కేసులు పెట్టడానికే ప్రాధాన్యం ఇచ్చారు.

మన చట్టంలోనూ అందుకు చోటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతి లేని మార్పులను నిషేధిస్తోంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ నాలుగో ఉపవిభాగం కింద అలాంటి మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. దీన్ని అందరూ చెబుతారు. అదే సెక్షన్ మొదటి ఉపవిభాగం గురించి ఎవరూ మాట్లాడరు. నిబంధనలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చిన డీలరుకు ఒక్కో వాహనానికి లక్ష రూపాయల జరిమానా గాని, ఏడాది దాకా జైలు గాని, రెండూ గాని అని అందులో ఉంది. చట్టం రెండో సెక్షన్‌లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం 'డీలరు' అంటే వాహనాలు అమ్మే షోరూము ఒక్కటే కాదు, వాహనాల మరమ్మతు వృత్తిగా చేసేవారూ ఆ మాట కిందికే వస్తారు. కాబట్టి ఫిల్టరు కోసిన షెడ్డును వదిలేసి, ఏమీ తెలియక సంతకం పెట్టిన బండి యజమానిని, కొన్నిసార్లు ఆ మార్పు చేయించిన పాత యజమాని దగ్గర బండి కొన్నవాణ్ణి రోడ్డు మీద నిలబెట్టి చలానా రాయడం న్యాయం కాదు.

ఇంజిన్ చప్పుడు విని పంపులో లోపం చెప్పగలిగిన మెకానిక్కులు ఆటోనగర్‌లో తరతరాలుగా ఉన్నారు. వారి నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది కాబట్టే ఈ మాట రాస్తున్నాను. ఫిల్టరును విప్పి, వేడిచేసి, గాలితో ఊది శుభ్రం చేసే యంత్రాలు ఇప్పుడు ఉన్నాయి. మెకానిక్కుల సంఘం, పరిశ్రమల శాఖ కలిసి అలాంటి యంత్రాన్ని ఉమ్మడిగా ఆటోనగర్‌లో నెలకొల్పి, యజమాని భరించగలిగిన ధరకు ఆ పని చేస్తే, ఫిల్టరు కోయించుకోవడానికి మాలో చాలామందికి కారణమే ఉండదు. బండి అమ్మేటప్పుడే ఆ దీపం వెలిగితే ఏం చేయాలో తెలుగులో ముద్రించిన కాగితం ఇచ్చి, డ్రైవరును కూర్చోబెట్టి చూపించడం కంపెనీల బాధ్యత.

రవాణా శాఖను కోరేది రెండు పనులు. సరకు వాహనాలకు ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా జరిగే ఫిట్‌నెస్ తనిఖీలో బండి కిందికి వంగి ఫిల్టరు డబ్బాకు కొత్త వెల్డింగు ఉందేమో చూడాలి, స్కానరు తగిలించి ఫిల్టరు ముందూ వెనకా పీడనం తేడా చదవాలి. ఖాళీ డబ్బా అయితే ఆ తేడా ఉండదు, లేదా మార్చిన సాఫ్ట్‌వేరు ఎప్పుడూ ఒకే అంకె చూపిస్తుంది. మార్పు బయటపడిన ప్రతి బండి విషయంలోనూ ఆ పని ఏ షెడ్డులో జరిగిందో రాతపూర్వకంగా నమోదు చేసి, మొదటి నోటీసు ఆ షెడ్డుకే ఇవ్వాలి. మిర్చి యార్డుకు బండ్ల రాక పెరిగే జనవరి నెలకు ముందే ఈ తనిఖీ మొదలుపెట్టాలని కోరుతున్నాను.

— ఒక పికప్ వాహన యజమాని, పటమట, విజయవాడ